అంబిక ఎత్తుకున్న పెద్దలు

పొద్దున అయిదున్నరకి అంబిక లేస్తుంది. అప్పటికే వాళ్ళమ్మ నంజమ్మ చెక్కపీట ముందర కూర్చుని అగరబత్తీలు చుట్టడం మొదలుపెట్టి ఉంటుంది. అంబిక మొహం కడుక్కుని, కాఫీ కలిపి అమ్మకో లోటా ఇచ్చి, తానో లోటా తాగి, తలుపు దగ్గరగా వేసి బయటపడుతుంది. బళేపేట సందుల్లో ఇంకా ఒక్క షట్టరూ లేచి ఉండదు. నిన్నటి గాజుపెట్టెల అట్టలు, తాళ్ళు, ఎండుగడ్డి గోడల వారన పడి ఉంటాయి. ఇరవై నిమిషాలు నడిస్తే చామరాజపేట చివర చిన్న పార్కు వస్తుంది. అక్కడ కానుగచెట్ల కింద పది పదకొండు మంది చెప్పులు విప్పి గడ్డి మీద నిలబడి ఉంటారు. అంబిక వెళ్ళి చౌడమ్మ పక్కన నిలబడుతుంది. మోకాళ్ళు కొద్దిగా వంచి, రెండు చేతులూ ఎదురుగా, చెట్టును కౌగిలించుకున్నట్టు గుండ్రంగా పెట్టి, కళ్ళు సగం మూస్తుంది. కాసేపటికి ఆ చేతుల్లోకి బిడ్డ వస్తుంది.

"ఈపొద్దు ఎవరే?" అని చౌడమ్మ పెదాలు కదలకుండా అడుగుతుంది. నిలబడినప్పుడు మాట్లాడకూడదని నేర్పించే మేష్ట్రు చెప్పాడు మరి.

"తెలీదక్కా. కొత్త మొహం. ఆడబిడ్డ."

"చలిగాలి ఉండాది. చెవులకి కొట్టకుండా ఇట్ల తిరుక్కో."

అంబిక కొద్దిగా ఇటు తిరుగుతుంది. ఇరవై నిమిషాలయ్యాక మేష్ట్రు చిన్నగా చప్పట్లు కొడతాడు. అందరూ చేతులు దించుతారు. అంబిక చేతుల్లోంచి బిడ్డ బరువు, ఊపిరి వదిలినట్టుగా, తేలిపోతుంది. ఇక ఎవరి పనికి వాళ్ళు.

ఈ సాధన పేరు చీగాంగ్. చైనావాళ్ళది. చౌడమ్మకి ఆ మాట నోరు తిరగక 'శివగంగ' అంటుంది. ఊరి బయట ఆ పేరుతో ఒక కొండ ఉంది కాబట్టి, అత్త రోజూ తెల్లవారి కొండెక్కి వస్తోందని ఆమె కోడలు చాలా రోజులు అనుకుంది. నేర్పించే చిన్నప్ప ముప్ఫై ఏళ్ళు గడియారాల ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరైన మనిషి. వయసులో ఉండగా నడుము పట్టేసి వంగిపోతే, శివాజీనగర్లో పళ్ళు కట్టే ఒక చైనా డాక్టరు ఆయనకి ఇట్లా నిలబడటం నేర్పించాడట. "పోయింది పంటినొప్పికి. పన్ను ఆయన పీకేసినాడు, నడుము నిలబెట్టి పంపించినాడు" అంటాడు చిన్నప్ప. అందరూ ఆయన్ని మేష్ట్రు అంటారు.

అంబిక అక్కడికి చేరింది భుజం కోసం. గాజుల దుకాణంలో ఇరవై ఒక్క ఏళ్ళుగా అటక మీది పెట్టెలు దించీ ఎక్కించీ, ముప్ఫై ఏడేళ్ళకే కుడిచెయ్యి తల దువ్వుకోవడానికి కూడా పైకి లేవకుండా అయింది. దుకాణానికి వచ్చే చౌడమ్మే చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళింది. మొదటి నెలంతా చేతులు వణికాయి. రెండో నెలలో వణుకు తగ్గింది. మూడో నెలలో ఒకరోజు, రాత్రంతా వాన పడి వెలిసిన పొద్దున, ఆమెకి అరికాళ్ళ కింద నేల తెలిసింది. గడ్డి కింద తడి మట్టి, మట్టి కింద కానుగ వేళ్ళు ఎటు పోతున్నాయో, ఏ వేరు నీళ్ళు తాగుతోందో, ఏది ఇంకా వెతుకుతోందో తెలిసింది. ఆ చల్లదనం పిక్కల్లోంచి, నడుంలోంచి ఎక్కి భుజాల దాకా వచ్చింది. అప్పుడు మొదటిసారి చేతుల్లో బరువు పడింది. కళ్ళు తెరిచి చూస్తే పట్టుమని నెల నిండని బిడ్డ నిద్రపోతోంది. మల్బరీ ఆకుల వాసన వేస్తోంది.

వరస వెంబడి అందరి భుజాలూ సరిచేస్తూ వస్తున్న చిన్నప్ప ఆమె ముందు ఆగాడు. బిడ్డని చూశాడు.

"మోచేయి ఇంకొంచెం కిందికి. తల కింద ఆనిక ఇయ్యి. ఆఁ, అట్ల" అని తరవాతి మనిషి దగ్గరికి వెళ్ళాడు.

ఇంటికొచ్చి అంబిక ఆ బిడ్డ గురించి అమ్మకి చెప్పింది. నంజమ్మ బత్తి చుట్టడం ఆపలేదు.

"ఎడమ చెవి తమ్మె చీలి ఉండెనా?"

"ఉండె."

"మా అవ్వ. పుట్టుకతోనే అట్ల. చెవి కుట్టించేకి చోటు లేక ముక్కు రెండు పక్కలా కుట్టించినారంట. బాగా నిద్రపోయెనా?"

"పోయె."

"బతికినన్నాళ్ళూ నిద్ర లేదు దానికి. పట్టుపురుగులకి ఆకు వెయ్యాల కదా, నాలుగు గంటలకొకసారి." నంజమ్మ ఇంకో పుల్ల తీసుకుంది. "పోనీలే. నిద్రపోనీ."

అప్పట్నుంచి ఒక్కో పొద్దున ఒక్కొక్కరు వచ్చారు. అందరూ నంజమ్మ పుట్టింటి వాళ్ళే. అందరూ పసిబిడ్డలుగానే. ఒకరి ఒంటిన రాగిచేను వాసన, ఒకరి ఒంటిన చింతపూల వాసన, ఒకరికి ఎండిన చెరువుమట్టి. అంబిక ఆ ఊళ్ళేవీ ఎరగదు. బళేపేటలో పుట్టి బళేపేటలో పెరిగింది. అయినా ఆ మట్టి ఏదో తన ఒంట్లోదే అన్నట్టు, ఆ వాసన తగలగానే ఆమె ఊపిరి నిదానమయ్యేది. పార్కు వాచ్‌మన్ రామాంజినప్ప బంతాట ఆడే వాళ్ళని రెండో గేటు వైపు తోలేవాడు. "అక్కడ ఆడుకోండప్పా. బిడ్డ నిద్రపోతాండాది" అనేవాడు. భుజం నొప్పి తగ్గింది. ఆమె తల తానే దువ్వుకుంది.

రమ్య దుకాణానికి వచ్చింది ఆ రోజుల్లోనే, ఒక శనివారం మధ్యాహ్నం. జనం కిటకిటలాడుతున్నారు. కౌంటరు చివర నిలబడి, తన వంతు వచ్చేదాకా కదలకుండా, చేతిలో ప్లాస్టిక్ కవరు పట్టుకుని చూసింది. ఇరవై మూడేళ్ళు ఉంటాయి. నల్లటి జుట్టులో నుదుటికి పైన రెండు వేళ్ళ వెడల్పు తెల్లపాయ. పుట్టుకతోనే వచ్చిన తెలుపు. ఆ పాయని చూడగానే అంబిక చేతిలో గాజుల వరస జారింది.

ఆ పాయ అంబిక నాయన నారాయణప్పది. సిటీ బస్సు డ్రైవరు. అంబికకి తొమ్మిదేళ్ళప్పుడు డ్యూటీకని పోయినవాడు అత్తిబెలెలో ఇంకో ఆమెతో ఉండిపోయాడు. నంజమ్మ రెండుసార్లు వెళ్ళి పిలిచింది. మూడోసారి వెళ్ళలేదు. అగరబత్తీల పీట తెచ్చుకుంది. అంబిక పదో క్లాసు పాసయ్యి, ఇంకా చదవాలని ఉన్నా, దుకాణంలో చేరింది. పెళ్ళి మాట వచ్చినప్పుడల్లా "మీ నాయన ఎక్కడ?" అని అడిగేవాళ్ళు. ఆ తరవాత ఆ మాట తెచ్చేవాళ్ళూ తగ్గిపోయారు. నిరుడు నారాయణప్ప డిపోలోనే గుండెనొప్పితో పడి చనిపోయాడని ఫోను వస్తే తల్లీకూతుళ్ళు వెళ్ళారు. అక్కడే రమ్యని మొదటిసారి చూసింది. ఒక్క మాటా మాట్లాడలేదు.

"అక్కా, నేను రమ్య."

"తెలుసు. ఏం కావాల?"

"నాయన ఉద్యోగం నాకు ఇస్తారంట. ఆయన పోయిన దినం నుంచి ఏడాది లోపల అర్జీ పెట్టాల. వంశవృక్షం కాగితంలో నా పేరు ఉంటేనే తీసుకుంటారంట. దానికి మీరూ, పెద్దమ్మా సంతకం చెయ్యాల."

"ఎవరికి పెద్దమ్మ?"

రమ్య తల వంచుకుంది. కవరులోంచి కాగితం తియ్యబోయి మళ్ళీ పెట్టేసింది. "మా అమ్మ పోయి రెండేండ్లాయ. నేను అత్తిబెలెలో ఫ్యాక్టరీ టెంపో తోలుతాండా. కాంట్రాక్టు అయిపోయింది, వచ్చే నెల నుంచి రావద్దన్నారు. పెద్ద బండి లైసెన్సు ఉండాది నాకు."

"తోలేది ఎవరు నేర్పించినారు?" అడగకూడదనుకుంటూనే అడిగింది అంబిక.

"నాయనే. ఆదివారాలు చెరువుకట్ట కింద మైదానంలో. స్టీరింగు అందేది కాదు, ఒళ్ళో కూర్చోబెట్టుకునేవాడు."

ఆ ఆదివారాలు అంబికకి బాగా గుర్తున్నాయి. బకెట్టు పట్టుకుని అగరబత్తి పొడి కలపడానికి నీళ్ళు మోసేది.

"మాకు పని ఉండాది. పో" అంది.

రమ్య వాదించలేదు. పక్కన పడి ఉన్న గాజుల అట్టముక్క మీద ఫోను నంబరు రాసింది. దాని కింద 'పదమూడో తారీకు ఆఖరు' అని రాసి, కౌంటరు మీద పెట్టి వెళ్ళిపోయింది. అంబిక ఇంట్లో చెప్పలేదు.

సోమవారం పొద్దున ఆమె చేతుల్లోకి వచ్చిన మగబిడ్డకి ఎడమకాలికి ఆరువేళ్ళు ఉన్నాయి. ఒంటిన బండి ఇరుసుకి రాసే ఆముదం వాసన. ఇంటికొచ్చి చెబితే నంజమ్మ చేతిలో బత్తి ఆగిపోయింది.

"మా వాళ్ళలో ఎవరికీ ఆరువేళ్ళు లేవు" అంది. "ఎల్లయ్య. మీ నాయనకి తాత."

మంగళవారం వచ్చిన బిడ్డ అంతకుముందు వచ్చిన వాళ్ళందరికంటే తేలిక. పక్కటెముకలు లెక్కపెట్టొచ్చు. నుదుటి మీద, ఇంకా సరిగ్గా మొలవని జుట్టులో, తెల్లటి పాయ.

అంబిక చప్పున చేతులు దించేసింది.

"అయ్యో!" అంది చౌడమ్మ, నిలబడినప్పుడు మాట్లాడకూడదన్న సంగతి మరిచిపోయి. అంబిక చెప్పులు వేసుకుని వెళ్ళిపోయింది. బుధవారం మళ్ళీ ఆ బిడ్డే వచ్చాడు. మళ్ళీ దించేసింది. గురువారం నుంచి పార్కుకి పోవడం మానేసింది.

ఆదివారానికి భుజం పట్టేసింది. సోమవారం అటక మీంచి పెట్టె దించబోయి, అక్కడే గోడకి ఆనుకుని నిలబడిపోయింది. ఆ సాయంత్రమే చౌడమ్మా, చిన్నప్పా దుకాణానికి వచ్చారు. చౌడమ్మ మనవరాలికని మట్టిగాజులు చూస్తున్నట్టు కాసేపు చూసింది.

"ఆ బిడ్డ నువ్వు దించేసిన చోటనే ఏడుస్తాండాది" అంది. "కంటికి కనపడదు. ఏడుపు మాత్రం వినపడతాది. తెల్లారినప్పట్నుంచి ఎండెక్కేదాకా. నేను ఎత్తుకుందామని నీ చోట్లో నిలబడితిని. నా చేతుల్లోకి రాలేదు."

"నేనూ నిలబడితిని" అన్నాడు చిన్నప్ప. "రాలేదు."

"ఏమి, ఆకలా?" అంబిక అడిగింది.

"ఆరుగురిని కన్నా నేను. ఆకలి ఏడుపు వేరే. ఇది ఎత్తుకోమనే ఏడుపు."

అంబిక గాజుల డబ్బా మూత పెట్టింది. "అది మా నాయన" అంది.

నారాయణప్ప సంగతి చౌడమ్మకి తెలుసు, ఆ పేటలో అందరికీ తెలుసు. ఆమె చేతిలోని గాజుల్ని మెల్లగా కింద పెట్టింది.

"నీ చేతులు, నీ ఇష్టం" అన్నాడు చిన్నప్ప. "ఎత్తుకోమని చెప్పేకి రాలేదమ్మా. పక్కిండ్ల వాళ్ళు రామాంజినప్పని అడుగుతాండారు, బిడ్డని ఎందుకట్ల ఏడిపిస్తాండారని. నీకు తెలియాల కదా అని వస్తిమి. అంతే."

ఆ సాయంత్రం అంబిక అమ్మ ఎదురుగా కూర్చుని తానూ నాలుగు బత్తులు చుట్టింది. కుడిచెయ్యి సహకరించక అవి వంకరగా వచ్చాయి.

"నాయన పుట్టినప్పుడు అంత సన్నంగా ఎందుకుండె?" అని అడిగింది.

నంజమ్మ కూతురి మొహం చూసింది. అన్నీ అర్థమైనట్టే ఉంది. "వాళ్ళమ్మ కాన్పులోనే పోయె. వానల్లేని ఏడాది. అవతల శవం పని, ఇవతల బిడ్డ. ఎవరూ ఎత్తుకోలేదంట. చాటలో గోనెసంచి పరిచి, మూడు దినాలు దాన్లోనే పండబెట్టినారంట. ఎవరో వచ్చి మేకపాలు గుడ్డతో పిండిపోయేవాళ్ళు. ఆ తర్వాత ఒక ఏడాది ఒక అత్త ఇంట్లో, ఒక ఏడాది ఇంకొక అత్త ఇంట్లో. నాకు మా చిన్నత్త చెప్పె."

"నాకు ఎప్పుడూ చెప్పలేదే."

"ఎందుకు చెప్పేది? చెప్తే ఆయన చేసింది సరైపోతాదా? కాదు." నంజమ్మ పుల్లని పీట మీద గట్టిగా దొర్లించింది. "నేను కూడా తల్లి లేని బిడ్డనే. నేను ఎవర్నీ వదిలి పోలేదు."

అప్పుడు అంబిక రమ్య వచ్చిన సంగతీ, కాగితం సంగతీ చెప్పింది. నంజమ్మ మిగిలిన పిండి ముద్దకి తడిగుడ్డ కప్పి లేచింది.

మరునాడు పొద్దున పార్కు గేటు దగ్గరికి రాకముందే ఏడుపు వినిపించింది. గొంతు బొంగురుపోయి ఉంది. అందరూ అప్పటికే నిలబడి ఉన్నారు, ఎవరి చేతులూ కుదురుగా లేవు. రామాంజినప్ప గేటు తీసి పట్టుకున్నాడు. అంబిక చెప్పులు విప్పింది. తన చోట్లో నిలబడి, పట్టేసిన కుడిచేతిని ఎడంచేత్తో ఎత్తి, నొప్పికి పళ్ళు బిగించి గుండ్రంగా పెట్టింది. కాళ్ళ కింద నేల తెలియలేదు. చల్లదనం ఎక్కలేదు. అయినా బిడ్డ వచ్చి చేతుల్లో పడ్డాడు. పడగానే ఏడుపు ఆగింది.

అంబిక వాడి మొహం చూడకుండా ఎదురుగా చెట్టుని చూస్తూ నిలబడింది. తరవాత చిన్నగొంతుతో మాట్లాడటం మొదలుపెట్టింది.

"పదో క్లాసులో నాకు ఎన్ని మార్కులు వచ్చినాయో తెలుసునా నీకు? ఐదువందల అరవై. చెప్పేకి ఇంట్లో ఎవరూ లేరు. అమ్మ దుకాణాలకి బత్తులు వేసేకి పోయింది. నేను బస్టాండుకి పోతిని. మార్కెట్టు బస్టాండుకి. వచ్చే బస్సులన్నీ చూస్తిని, డ్రైవరు సీట్లో నువ్వు ఉంటావేమోనని. చీకటిపడేదాకా చూస్తిని."

బిడ్డ ఆమె పైటకొంగు పిడికిట్లో పట్టుకున్నాడు.

"పట్టుకోవద్దు" అంది అంబిక. "నీకు ఆ హక్కు లేదు."

వాడు వదల్లేదు. అంబిక ఇంకా చాలా మాటలు అంది. అమ్మకి టైఫాయిడు వచ్చిన సంగతి, చూసిపోయిన రెండు సంబంధాల సంగతి, స్టీరింగు నేర్చుకున్న ఆ రెండో పిల్ల సంగతి. చౌడమ్మ కళ్ళ నుంచి నీళ్ళు కారుతున్నా తుడుచుకోలేదు, చేతులు దించకూడదు కాబట్టి. ఇరవై నిమిషాలయ్యాయి. చిన్నప్ప చప్పట్లు కొట్టలేదు. అంబిక మాటలు అయిపోయాయి. అప్పుడు కిందికి చూసింది. ముడతలు పడిన ఆ చిన్ని మొహంలో నాయనా లేడు, ఎవరూ లేరు. మూడు దినాలుగా ఎవరూ ఎత్తుకోని ఒక బిడ్డ, ఇప్పుడు ఎత్తుకున్నారని నమ్మకం కుదరక కళ్ళు తెరిచి చూస్తున్నాడు. ఆమె మోచేతిని ఇంకొంచెం కిందికి దించి తల కింద ఆనిక ఇచ్చింది. మెల్లగా నేల తెలిసింది. తడి తెలిసింది. కానుగ వేళ్ళ కింద ఇంకా లోపల, ఆమె ఎప్పుడూ దిగని లోతులో, ఎక్కడో రాగిచేల అడుగున నీటిజల పారుతున్నట్టు తెలిసింది. బిడ్డ ఒంటిన వేస్తున్నది ఎండిన గోనె వాసన. అది పోయేదాకా ఆమె ఎత్తుకునే ఉంది. వాడు నిద్రపోయాడు. నలభై నిమిషాలయ్యాక చిన్నప్ప చప్పట్లు కొట్టాడు. ఆ చప్పుడు ఆమెకి సరిగ్గా వినపడలేదు.

దుకాణానికి వెళ్ళగానే అట్టముక్క మీది నంబరుకి ఫోను చేసింది.

"పన్నెండో తారీకు పొద్దున ఆరుగంటలకి పార్కుకి రా. కాగితం తీసుకురా."

"సంతకం పెడతారా అక్కా?"

"రా. చూస్తాము."

పన్నెండో తారీకు రమ్య అత్తిబెలె నుంచి మొదటి బస్సుకి వచ్చింది. తెల్లపాయ కనపడకుండా తల చుట్టూ దుపట్టా కప్పుకుంది. అంబిక అప్పటికే నిలబడి ఉంది. చేతుల్లో బిడ్డ ఉన్నాడు. ఆ రోజుల్లో ఇంకెవరూ రాలేదు, రోజూ అతనే. రమ్య దగ్గరికి వచ్చి చూసింది. ఎవరని అడగలేదు. దుపట్టా జారిపోయింది. రెండు తెల్లపాయలు, ఒకటి పెద్దది, ఒకటి చిన్నది.

"ఎంత బక్కగా ఉండాడు" అంది రమ్య.

"మొన్నటి కంటే మేలు."

రమ్య ఇంకో అడుగు ముందుకి వేసింది. "నేను ఎత్తుకోవచ్చునా అక్కా?"

అంతకుముందు ఎవరూ అలా అడగలేదు. అంబిక చిన్నప్ప వైపు చూసింది. ఆయన వచ్చి రమ్య ముందు నిలబడి, "చెప్పులు విప్పు. మోకాలు వంచు. చెట్టును కౌగిలించుకున్నట్టు చేతులు పెట్టు. భుజాలు బిగబట్టొద్దు" అని సరిచేశాడు. అంబిక ఒక అడుగు పక్కకి జరిగి, తన చేతుల్ని రమ్య చేతుల మీదికి తెచ్చి, మెల్లగా కిందినుంచి తప్పించింది. బిడ్డ ఉలిక్కిపడి, పిడికిలి విప్పి, అంబిక కొంగు వదిలి, రమ్య దుపట్టా కొస పట్టుకున్నాడు. ఏడవలేదు.

"నాయనా" అంది రమ్య. "నీకు ఎవరూ లేరని చెప్పేవాడివి కదా. ఉండారు చూడు."

చిన్నప్ప చప్పట్లు కొట్టాక ఇద్దరూ బళేపేటకి నడిచారు. ఇంటి గుమ్మంలో నంజమ్మ అడ్డంగా నిలబడింది. రమ్యని ఆపాదమస్తకం చూసింది. పాయ దగ్గర చూపు ఆగింది.

"లోపలికి రావద్దు" అంది. "నా వల్ల కాదు. కాగితం ఇయ్యి."

రమ్య గుమ్మం అవతల నుంచే కాగితం అందించింది. నంజమ్మ చేతులు కూడా కడుక్కోకుండా, కాగితాన్ని అగరబత్తీల పీట మీద పెట్టి, అక్షరం అక్షరం కూడబలుక్కుని సంతకం చేసింది. మూలన నల్లటి వేలిముద్రలు పడ్డాయి. తిరిగి ఇస్తూ, "డ్రైవరు పనేనా నీది?" అని అడిగింది.

"అవునమ్మా."

"మధ్యాన్నం టైముకి తిను. ఆయన తినేవాడు కాదు. దాంతోనే గుండె పోయింది" అని తలుపు వేసుకుంది.

రెవెన్యూ ఆఫీసులో గుమాస్తా కాగితం వాసన చూసి ముక్కు ఎగబీల్చాడు. గంధం వాసన వేస్తోంది. "తాత పేరు?" అని అడిగాడు. అంబిక చెప్పింది. "ఆయన తండ్రి?" "ఎల్లయ్య. ఎల్లయ్య తండ్రి చిక్కమునియప్ప. ఆయనకి అక్క ఒకామె ఉండె, పసిబిడ్డగానే పోయె, ఆమె పేరు కూడా రాయాలంటే..."

"చాలమ్మా, చాలు. మూడు తరాలే ఉండాది ఫారంలో" అని ఆయన నవ్వాడు. ఫారంలో కింది గడికి వచ్చి కలం ఆపాడు. "నారాయణప్పకి పిల్లలు ఎంతమంది?"

"ఇద్దరు" అంది అంబిక. "ఇద్దరూ ఆడపిల్లలే. నేను పెద్దదాన్ని. ఇది నా చెల్లెలు రమ్య."

ఆయన రాసుకుని కాగితం ఇటు తిప్పితే అంబిక తన సంతకం చేసింది. మధ్యాహ్నం మూడుగంటలకి ముద్రపడిన కాగితం చేతికొచ్చింది. మరునాడే, ఆఖరి రోజున, రమ్య దాన్ని డిపోలో ఇచ్చింది.

ఆ తరవాత నారాయణప్ప పార్కుకి రాలేదు. నంజమ్మ వైపు వాళ్ళు, ఎల్లయ్య వైపు వాళ్ళు, వంతులవారీగా మళ్ళీ రావడం మొదలుపెట్టారు. అంబికకి వాళ్ళల్లో సగం మంది పేర్లు ఇప్పుడు అడగకుండానే తెలుస్తున్నాయి. ఒక పొద్దున ఆమె మేష్ట్రుని అడిగింది.

"ఆయన యాడికి పోయినాడు మేష్ట్రూ?"

"యాడనో ఎవరో ఎత్తుకునే ఉంటారు లే" అన్నాడు చిన్నప్ప.

ఉద్యోగం కాగితం రావడానికి ఐదు నెలలు పట్టింది. శిక్షణ రెండు నెలలు. మొదటిసారి సొంతంగా బండి తీసే రోజు ముందర రమ్య ఫోను చేసింది. "మార్కెట్టు నుంచి అత్తిబెలెకి, ఏడున్నర బండి. వస్తావా అక్కా?" అని అడిగింది. ఎప్పటినుంచో 'నువ్వు' అంటోంది. అంబిక దుకాణానికి ఆలస్యంగా వస్తానని చెప్పి, నంజమ్మని కూడా పిలిచింది. నంజమ్మ రాలేదు. టిఫిను డబ్బాలో పులిహోర పెట్టి ఇచ్చింది. ఎవరికని అంబిక అడగలేదు.

మార్కెట్టు బస్టాండులో బస్సు నిండిపోయింది. అంబిక డ్రైవరు వెనకాల ఆడవాళ్ళ సీట్లో కూర్చుంది. రమ్య ఖాకీ చొక్కా చేతులు మడిచి, అద్దాలు సరిచేసుకుని, కాళ్ళు ఆనించి చూసుకుంది. తరవాత రెండు చేతులూ ఎత్తి స్టీరింగు చుట్టూ గుండ్రంగా పెట్టింది. భుజాలు వదిలేసింది. మోచేతులు కొద్దిగా కిందికి దించింది.

కాసేపటికి ఆమె ఊపిరి నిదానమైంది. చక్రానికీ ఆమె గుండెకీ మధ్య, చొక్కా బొత్తాం పిడికిట్లో పట్టుకుని, నుదుటి మీద తెల్లపాయ ఉన్న బిడ్డ నిద్రపోతున్నాడు. ఇప్పుడు బుగ్గలు వచ్చాయి.

ముందు సీటులో పూలబుట్టతో కూర్చున్న ముసలామె మెడ చాచి చూసి, వెనకాల వాళ్ళతో మాట్లాడుతున్నది ఆపేసింది. ఆమె పక్కన ఉన్నతను ఫోనులో పాట కట్టేశాడు. టికెట్లు అయిపోయి ముందుకి వచ్చిన కండక్టరు, నోట్లో పెట్టుకోబోయిన విజిలుని జేబులో వేసుకున్నాడు. వంగి, రమ్య చెవి దగ్గర, మెల్లగా అన్నాడు.

"రైట్. పోదామమ్మా."